నచి జలపాతం దగ్గర గుడి ఉంటుందా? అమ్మానాన్నలతో వెళ్లొచ్చా?

మీరు ఒసాకాలో ఉంటున్నారు, అక్టోబరులో అమ్మానాన్నలు వస్తున్నారు, నాన్నగారికి మోకాళ్ల నొప్పులు. జలపాతాన్నే దేవుడిగా కొలిచే షింటో (జపాన్ సొంత మతం) క్షేత్రం ఒకటి ఉందని విని నచి వెళ్దామనుకుంటున్నారు. "అంత దూరం వెళ్తే అక్కడ గుడంటూ ఏమైనా ఉంటుందా, ఫొటో తీసుకుని రావడమేనా? స్నానం చేయనిస్తారా? శాకాహారులకు తిండి సంగతేంటి?" అని అడిగారు. నేను నగోయా వైపు ఉంటాను. అక్కడికి ఒంటరిగానూ వెళ్లాను, మా అమ్మానాన్నల్ని తీసుకునీ వెళ్లాను. రెండూ వేరు వేరు ప్రయాణాలనే చెప్పాలి. మీకు పనికొచ్చేది రెండోదే కాబట్టి ఎక్కువగా దాని గురించే రాస్తాను.

వెళ్లండి. కానీ పొద్దున వెళ్లి రాత్రికి తిరిగి వచ్చేద్దామని మాత్రం అనుకోకండి. షిన్-ఒసాకా నుంచి కురోషియో ఎక్స్‌ప్రెస్‌లో కీ-కట్సూరా స్టేషన్‌కు దాదాపు నాలుగు గంటలు పడుతుంది. అక్కడి నుంచి కొండమీదికి బస్సులో అరగంట. పెద్దవాళ్లను ఒకే రోజులో ఇటూ అటూ తిప్పితే వాళ్లకు జలపాతం గుర్తుండదు, నడుము నొప్పే గుర్తుంటుంది. కట్సూరాలో ఒక రాత్రి ఉండండి. అది వేడినీటి బుగ్గల ఊరు, ఓడరేవు దగ్గర ఊరికే కాళ్లు ముంచుకుని కూర్చునే తొట్టి కూడా ఉంది. మెట్లు దిగి వచ్చిన మోకాళ్లకు దాన్ని మించిన మందు లేదు.

ఇక గుడి సంగతి. జలపాతం పాదం దగ్గర ఉన్నదాని పేరు హిరో జింజా. కొండపైన ఉన్న కుమనో నచి తైషా అనే పెద్ద గుడికి ఇది అనుబంధం. ఇక్కడ గర్భగుడి లేదు, దాని ముందు నిలబడి మొక్కే మండపమూ లేదు. ఒక రాతి తొరీ ద్వారం, దాని అవతల కంచె, ఆ వెనకే దేవుడు. 133 మీటర్ల ఎత్తు నుంచి ఎక్కడా ఆగకుండా ఒకే దూకుడుగా పడే నీళ్లు. పైన అంచు దగ్గర వెడల్పు 13 మీటర్లు, కింద మడుగు లోతు 10 మీటర్లు. ఒకే ధారగా పడే జలపాతాల్లో జపాన్ మొత్తానికి ఇదే ఎత్తైనది. దేవుడి పేరు ఓనముచి, మనం ఇక్కడి కథల్లో ఎక్కువగా వినే ఓకునినుషి ఈయనే.

మామూలు షింటో గుడిలో దేవుడు నిలిచే వస్తువు, అద్దమో కత్తో, లోపలి గదిలో మూసే ఉంటుంది. భక్తులెవరూ దాన్ని చూడరు. మీరు క్యోటోలో ఎన్ని గుళ్లు తిరిగినా తలుపుకే దండం పెట్టి ఉంటారు. నచిలో దానికి పూర్తిగా వ్యతిరేకం. తలుపు లేదు, తెర లేదు. మా అమ్మ తొరీ ముందు నిలబడి "విగ్రహం ఏదిరా?" అని అడిగింది. అదేనమ్మా అన్నాను. "అదే అంటే?" అని మళ్లీ అడిగింది. నాన్న అందుకుని, "అరుణాచలంలో కొండే లింగం అంటారు కదా, ఇదీ అంతే" అన్నారు. అమ్మకు అది చాలింది. నాకు మాత్రం చిన్న తేడా తోచింది. అరుణాచలంలో కొండ పాదాన అంత పెద్ద గోపురాల కోవెల ఉంది, కొండ అర్థం కానివాళ్లు కోవెల చూసుకుని రావచ్చు. ఇక్కడ ఆ వెసులుబాటు లేదు. నీళ్లను చూడ్డం వచ్చినవాడికే దర్శనం.

అందుకే మీకు నేను చెప్పదలచిన ముఖ్యమైన సంగతి ఒకటే. సమయం ఎక్కడైనా తగ్గించుకోండి, జలపాతం పాదం దగ్గర మాత్రం తగ్గించకండి. గుంపులుగా వచ్చేవాళ్లు చాలామంది పైన ఎర్రటి మూడంతస్తుల పగోడా, వెనక జలపాతం కనిపించే ఫొటో తీసుకుని, కిందికి దిగి రెండు నిమిషాలు నిలబడి బస్సెక్కేస్తారు. ఆ ఫొటో బాగుంటుంది, కాదనను. కానీ ఆ పగోడా 1972లో మళ్లీ కట్టినది, జలపాతానికి అది పొరుగిల్లు మాత్రమే. అసలు పూజ జరిగేది కింద. మొదటి ఐదు నిమిషాలు కళ్లు నీటితోపాటు కిందికి జారిపోతుంటాయి, ఏమీ పట్టుబడదు. కాస్త కూర్చుంటే నీరు అంచు దగ్గర మూడు పాయలుగా విడిపోయి మొదలవుతోందని కనిపిస్తుంది. ఆ అంచుకు అడ్డంగా కట్టిన తాడు కూడా అప్పుడే కంటపడుతుంది. షిమెనావా అంటారు, ఇది పవిత్రమైన చోటని చెప్పే గడ్డి తాడు. ఏటా జులై 9న, డిసెంబరు 27న అర్చకులు పైకి వెళ్లి, పాత తాడు తీసి కొత్తది కడతారు. ఆ అంచున నిలబడి తాడు కట్టడం అంటే ఎలాంటి పనో కింద నుంచి తల వెనక్కి వంచి చూస్తే తెలుస్తుంది. చిన్న బైనాక్యులర్ ఉంటే తీసుకెళ్లండి, మా నాన్న దానితోనే ఎక్కువసేపు గడిపారు.

తొరీ ముందు వరకు టికెట్ లేదు. ఇంకా దగ్గరికి వెళ్లి చూసే వేదిక ఒకటుంది, నేను వెళ్లినప్పుడు పెద్దలకు 300 యెన్లు. ఇవ్వండి, అనవసరపు ఖర్చు అనుకోకండి. అక్కడికి వెళ్లాక చప్పుడు మారిపోతుంది, గాలి ఇటు తిరిగినప్పుడు తుంపర ముఖం మీద పడుతుంది. దారిలోనే రాతి డ్రాగన్ నోట్లోంచి జలపాతం నీళ్లు వస్తుంటాయి. తాగితే ఆయుష్షు పెరుగుతుందని నమ్మకం. చిన్న తెల్లటి పింగాణీ గిన్నె కొనుక్కుని దాంతో తాగొచ్చు, గిన్నె ఇంటికి తెచ్చుకోవచ్చు. మా అమ్మ దాన్ని తీర్థమనే అంటుంది, ఆ గిన్నె ఇప్పుడు పూజగదిలో ఉంది.

దండం పెట్టే పద్ధతి మిగతా షింటో గుళ్లలో లాగే. నాణెం వేయాలి, రెండుసార్లు నడుము వంచాలి, రెండు చప్పట్లు కొట్టాలి, మనసులో అనుకోవాలి, చివర ఇంకోసారి వంగాలి. చెప్పులు విప్పాల్సిన పని లేదు. అమ్మగారు అలవాటుకొద్దీ విప్పబోతే ఆపండి, రాళ్లు తడిగా, జారుడుగా ఉంటాయి. కొబ్బరికాయ, కుంకుమ తీసుకెళ్లకండి. అక్కడ ఆ పద్ధతి లేదు, నేల మీద రంగు పడితే వాళ్లు నొచ్చుకుంటారు. దీపం పెట్టాలని ఉంటే పైన బౌద్ధాలయంలో పెట్టుకోవచ్చు, దాని గురించి కిందన రాస్తాను.

స్నానం మాత్రం కుదరదు. మన కపిలతీర్థంలో కార్తీక పౌర్ణమినాడు కొండ మీంచి పడే ధార కింద తల పెట్టినవాళ్లకు, తలకోనలో తడిసినవాళ్లకు ఇది కాస్త నిరాశే. కానీ ఇక్కడ మడుగులో దిగడం అటుంచి, కంచె దాటడమే తప్పు. 2012 జులైలో ముగ్గురు పేరున్న పర్వతారోహకులు ఈ జలపాతం పక్క బండను ఎక్కబోతే పోలీసులు అరెస్టు చేశారు. అప్పట్లో జపాన్‌లో అది పెద్ద దుమారమే అయింది. వాళ్ల దృష్టిలో అది ఎవరూ ఎక్కని రాయి, ఊరివాళ్ల దృష్టిలో దేవుడి ఒళ్లు. పైగా అది జరిగింది జులై 14న జరిగే అగ్గి పండుగ మర్నాడే.

జలపాతం కింద నిలబడి తపస్సు చేసే ఆచారం అసలు ఇక్కడ లేదనుకోకండి. పాతకాలంలో ఉండేది. 12వ శతాబ్దంలో మొంగాకు అనే సన్యాసి నడిచలికాలంలో నచి నీళ్లలో గొంతు దాకా నిలబడి మంత్రం జపిస్తూ స్పృహ తప్పి కొట్టుకుపోయాడని, ఫుదో మ్యో-ఓ పంపిన ఇద్దరు బాలురు వచ్చి బతికించారని కథ. ఆ ఫుదో ఎవరో కాదు, మన సంస్కృత బౌద్ధ గ్రంథాల్లోని అచలుడే. అంతకు ముందే, సింహాసనం వదిలేసిన కజాన్ చక్రవర్తి ఈ కొండల్లోనే, ఇంకా పైనున్న రెండో జలపాతం దగ్గర వెయ్యి రోజులు దీక్షలో ఉన్నాడని చెబుతారు. ఈ అడవిలో తపస్సు చేసుకోవడానికి 48 జలపాతాలు లెక్కగట్టారు. మనం చూసేది అందులో మొదటిది, మిగతావి చాలావరకు మామూలు యాత్రికులకు తెరవని అడవిలో ఉన్నాయి.

అగ్గి పండుగ గురించి రెండు మాటలు చెప్పకపోతే ఈ చోటు అర్థం కాదు. గుడివాళ్లు చెప్పే చరిత్ర ప్రకారం మొదట దేవతలందరూ జలపాతం దగ్గరే ఉండేవారు. తర్వాత, క్రీ.శ. 317లో అంటారు, కొండపైన ఇప్పుడున్న చోట గుడి కట్టి అక్కడికి తీసుకెళ్లారు. ఏటా జులై 14న వాళ్లు పాత ఇంటికి వస్తారన్నమాట. విసనకర్రలు, అద్దాలు అలంకరించిన 12 పొడవాటి పల్లకీలు పైనుంచి దిగుతాయి. ఒక్కొక్కటీ ఆరు మీటర్ల ఎత్తు, చూడ్డానికి నిలబెట్టిన జలపాతంలాగే ఉంటాయి. వాటికి ఎదురుగా కింద నుంచి తెల్లబట్టలు కట్టిన మనుషులు 12 పెద్ద కాగడాలు భుజాన వేసుకుని మెట్లెక్కుతూ దారిని శుద్ధి చేస్తారు. ఒక్కో కాగడా దాదాపు 50 కిలోలు ఉంటుంది. నేను ఆ పండుగ జనంలో నిలబడి చూశాను. నిప్పురవ్వలు, అరుపులు, వెనక నీటి హోరు, ఊపిరాడనంత తోపులాట. అమ్మానాన్నలతో ఆ రోజు వద్దు. అక్టోబరే నయం.

ఇప్పుడు మనవాళ్లు చెవి కోసుకునే విషయం. జలపాతం పైన గుట్టమీద, షింటో గుడికి గోడ ఆనుకున్నట్టే సెయ్‌గాంతోజి అనే బౌద్ధాలయం ఉంది. పశ్చిమ జపాన్‌లో 33 కన్నోన్ క్షేత్రాల యాత్రకు మొదటి గుడి ఇదే. దాని స్థలపురాణం ఏం చెబుతుందంటే, 4వ శతాబ్దంలో నింతోకు చక్రవర్తి కాలంలో భారతదేశం నుంచి ఓడలో కొట్టుకొచ్చిన రాగ్యో అనే సాధువు ఈ జలపాతం కింద తపస్సు చేసి, మడుగులో ఒక చిన్న బంగారు కన్నోన్ ప్రతిమను కనుగొన్నాడని. కన్నోన్ అంటే అవలోకితేశ్వరుడే. చరిత్రగా దీన్ని నమ్మాల్సిన పని లేదు, అప్పటికి జపాన్‌కు బౌద్ధమే సరిగ్గా రాలేదు. కానీ జలపాతాన్ని మొదట కొలిచినవాడు మన దేశంవాడని ఈ కొండ తనకు తానే చెప్పుకోవడం నాకు నచ్చుతుంది. మా నాన్న మాత్రం దీన్ని కథ అనుకోవడానికి ఒప్పుకోలేదు. ఆ రోజంతా "మనవాడేనట" అని కనిపించిన తెలుగువాళ్లందరికీ ఫోన్‌లో చెప్పారు.

గుడీ బౌద్ధాలయమూ వెయ్యేళ్లు కలిసే ఉండేవి. 1868 తర్వాత మెయ్‌జీ ప్రభుత్వం షింటోనీ బౌద్ధాన్నీ విడదీయాలని హుకుం జారీ చేయడంతో ఇక్కడ రెండు సంస్థలయ్యాయి. బౌద్ధాలయం కొన్నేళ్లు మూతపడి, 1874లో ఇప్పటి పేరుతో మళ్లీ తెరుచుకుంది. దాని ప్రధాన మందిరం 1590లో అప్పటి జపాన్ పాలకుడు తొయొతోమి హిదెయోషి కట్టించినది. నల్లబడిన చెక్క, నూనె దీపాల మసి, ధూపం వాసన, మనకు బాగా పరిచయమైన గుడి వాతావరణం అంతా ఇక్కడే. పక్కనే ఎర్రరంగు మెరిసే షింటో గుడి. విడాకులిచ్చినా ఒకే వాకిట్లో ఉంటున్న దంపతుల్లా ఉంటాయి రెండూ. ఆ వాకిట్లోనే లోపల డొల్లగా ఉన్న పెద్ద కర్పూర వృక్షం ఉంది, వయసు దాదాపు 850 ఏళ్లు. వేరు దగ్గర దూరి పైనుంచి బయటికి రావచ్చు, కానీ మోకాళ్ల నొప్పి ఉన్నవాళ్లకు అది వద్దు. మూడు కాళ్ల కాకి బొమ్మలు అన్నిచోట్లా కనిపిస్తాయి. అది యతగరాసు, దేవుడి దూత. జపాన్ ఫుట్‌బాల్ జట్టు చొక్కా మీద ఉండేదీ అదే.

మెట్ల గురించి. ఇక్కడ ప్లాన్ తేడా వస్తే పెద్దవాళ్లకు నరకం. కింద నుంచి ఎక్కే పాత రాతిబాట దైమొన్‌జాకా. అటూ ఇటూ ఆకాశాన్ని అంటే సెడార్ చెట్ల మధ్య 267 మెట్లు, దాదాపు 600 మీటర్లు. మొదట్లోనే దంపతులు అని పిలిచే రెండు చెట్లు, వయసు 800 ఏళ్లు అంటారు. అందం విషయంలో నచిలో జలపాతం తర్వాత దానిదే స్థానం. కానీ అది దాటాక గుడి వీధిలో షాపుల మధ్య ఇంకో 467 మెట్లు ఉన్నాయి. మీ నాన్నగారితో దైమొన్‌జాకా బస్ స్టాప్‌లో దిగి, చెట్ల జంట దాకా నడిచి, వెనక్కి వచ్చేయండి. ఆ ముక్క చాలు, అడవి ఎలా ఉంటుందో తెలిసిపోతుంది. తర్వాతి బస్సులో 'నచి-నో-తకి-మాయె' స్టాప్ దగ్గర దిగితే జలపాతం ద్వారం ఎదురుగానే ఉంటుంది. అక్కడి నుంచి కిందికి వంద దాటే రాతి మెట్లు, ఎత్తు ఒక్కోటి ఒక్కోలా. దిగేటప్పుడే మోకాలికి బాధ. చేతికర్ర తప్పనిసరి, తొందర అసలొద్దు. పైనున్న రెండు గుళ్లూ చూడాలనుకుంటే ఆ మెట్లు ఎక్కించకండి, టాక్సీ మాట్లాడుకోండి. గుడి వెనక దాకా కారు వెళ్లే రోడ్డు ఉంది, దానికి విడిగా రుసుము కట్టాలి. ఓపిక ఒక్కదానికే ఉందంటే పైది వదిలేసి కిందికే వెళ్లండి.

అక్టోబరు అన్నారు కాబట్టి తుఫాన్ల సంగతి గమనించండి. నచి ఉన్న కీ ద్వీపకల్పం జపాన్‌లో బాగా వర్షం పడే ప్రాంతాల్లో ఒకటి. 2011 సెప్టెంబరులో వచ్చిన తుఫాను ఈ నచి లోయనంతా ఊడ్చేసింది, చాలామంది చనిపోయారు, గుడికీ దెబ్బ తగిలింది. తుఫాను హెచ్చరిక ఉంటే సముద్రం పక్కనుంచి వెళ్లే రైలును ముందే ఆపేస్తారు. అలాంటప్పుడు మొండికేయకుండా తేదీ మార్చుకోండి. మామూలు వాన మాత్రం వరమే. వాన వెలిసిన మర్నాడు చూసిన నచి, ఎండలకు సన్నబడిన నచి ఒకటి కావు.

తిండి గురించి చెప్పాలంటే, కట్సూరా ట్యూనా చేపలకు పేరున్న రేవు. ఊళ్లో ఎటు చూసినా అదే. పచ్చి చేప తినేవాళ్లకు పండగ, మనకు టెన్షన్. కూరగాయల ఉడోన్ (గోధుమ నూడుల్స్) అని చెప్పినా చారులో చేప పొడి ఉంటుంది. స్టేషన్ దగ్గర దుకాణంలో ఉమెబోషి (ఉప్పులో ఊరబెట్టిన ఉమె కాయ) పెట్టిన అన్నం ముద్దలు కొనుక్కోండి. జపాన్‌లో ఉమె కాయలు ఎక్కువగా పండేది ఈ వకయామా జిల్లాలోనే, పులుపూ ఉప్పూ మన ఊరగాయ తిన్న నాలుకకు వెంటనే నచ్చుతాయి. మెహరిజుషి అని ఊరబెట్టిన ఆవ జాతి ఆకులో చుట్టిన పెద్ద అన్నం ముద్ద ఇక్కడి ప్రత్యేకత. లోపల ఏం పెట్టారో అడిగి తీసుకోండి. మా అమ్మ పులిహోర కట్టుకొచ్చింది, అది బస్టాప్ బెంచీ మీదే అయిపోయింది. గుడి ఆవరణలో మాత్రం తినకండి.

మీరు అడగకపోయినా, ఇంట్లో ఆడవాళ్లు అడిగే ప్రశ్న ఒకటుంది, ఆ రోజుల్లో వెళ్లొచ్చా అని. నచి ఉన్న ఈ క్షేత్రాల ప్రాంతం కుమనో, అది దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. వెయ్యేళ్ల కిందటి కవయిత్రి ఇజుమి షికిబు ఈ యాత్రకు వచ్చి, కుమనోలోని ఇంకో పెద్ద గుడి హొంగూ కనబడే దూరంలో నెలసరి రావడంతో ఆగిపోయి, దిగులుగా ఒక పద్యం చెప్పుకుందట. ఆ రాత్రి దేవుడు కలలో పద్యంతోనే బదులిచ్చి, నాకు అలాంటి అంటు లేదు, రమ్మన్నాడని ఐతిహ్యం. ఆడవాళ్లను కొండెక్కనివ్వని క్షేత్రాలు చుట్టూ ఉన్న కాలంలో కుమనో మాత్రం అందరినీ రానిచ్చింది. మా అమ్మకు ఈ కథ చెప్తే కాసేపు మాట్లాడలేదు, తర్వాత "మీ నానమ్మకు చెప్పాల్సింది" అంది.

టికెట్లు: మీరు ఒసాకా నుంచే కాబట్టి నేరుగా కురోషియో సరిపోతుంది. తిరిగి నగోయా వైపు వెళ్లే ఆలోచన ఉంటే నాన్కి ఎక్స్‌ప్రెస్ ఎక్కాలి. దారిలో కొంత ముక్క వేరే రైల్వే కంపెనీది, అమ్మానాన్నల దగ్గర జపాన్ రైల్ పాస్ ఉన్నా ఆ ముక్కకు విడిగా డబ్బు కట్టాలి. కురోషియోలో వెళ్లేటప్పుడు కుడివైపు కిటికీ సీట్లు అడగండి, సముద్రం అటే.